చేప కడుపులో దాక్కున్న పిల్లవాడు: హాక్నీ బొమ్మ ఒకటి

లీడ్స్‌వాన · శనివారం, రాత్రి 9:12

నిన్న అమ్మతో బజారుకు వెళ్ళినప్పుడు వాన పట్టుకుంది. దగ్గర్లో ప్రింట్ల దుకాణం కనిపిస్తే అందులోకి దూరాం. గోడ మీద నలుపు తెలుపుల్లో, అడుగు వెడల్పు కూడా లేని బొమ్మ ఒకటి ఉంది. ఒక చేప, దాని కడుపులో ముడుచుకుని ఒక పిల్లవాడు. చేప ఒళ్ళు గాజుదేమో అన్నట్టు పిల్లవాడు కనిపిస్తూనే ఉన్నాడు. నీళ్ళంటే గీతలే, ఇంకేమీ లేదు. కింద పెన్సిలు సంతకం: డేవిడ్ హాక్నీ. ఈత కొలనుల బొమ్మలు వేసిన హాక్నీయే. ఆయన పుట్టిన బ్రాడ్‌ఫర్డ్ మేముండే ఇంగ్లండు లీడ్స్‌కు పక్క ఊరు. అయినా ఇలాంటివి కూడా వేశారని నాకు తెలియదు.

ధర చీటీ చూసి రెండడుగులు వెనక్కి వేశాను. అమ్మ మాత్రం ముందుకే జరిగింది. మచిలీపట్నం మనిషి, చేప కనిపిస్తే ఆగకుండా ఉండలేదు. కాసేపు చూసి, "అమ్మాయీ, ఈ చేపను కోసేవాళ్ళకు లోపల పిల్లవాడున్నాడని ఎలా తెలుస్తుంది? కత్తి తగలదా?" అంది. అక్కడ నవ్వేశాను. ఇంటికి వచ్చి పడుకున్నాక మాత్రం అదే మాట తిరుగుతోంది.

ఈ బొమ్మ వెనక కథ ఏమిటో తెలిసినవారు చెప్పండి. నాలుగు గీతల బొమ్మ ఇంతగా ఎందుకు పట్టుకుందో కూడా చెప్పగలిగితే సంతోషం.

గ్రంథాలయం మెట్లు · శనివారం, రాత్రి 10:05

కథ జర్మనీ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులది. వాళ్ళ సంకలనంలో 191వ కథ, పేరు "చిన్న సముద్రపు కుందేలు". మీ అమ్మగారి ప్రశ్న దాకా తీసుకువెళతాను, ఓపిక పట్టండి.

ఒక రాజకుమార్తె కోటలో పన్నెండు కిటికీలున్న గది ఉంది. మొదటి కిటికీలోంచి చూస్తేనే మామూలు మనుషులకంటే బాగా కనిపిస్తుంది. ఒక్కో కిటికీకి చూపు పెరుగుతూ పోయి, పన్నెండో దాని దగ్గర భూమి మీద ఉన్నదీ భూమి లోపల ఉన్నదీ ఏదీ దాగదు. ఆమెను పెళ్ళాడాలంటే ఆమెకు కనిపించకుండా దాక్కోవాలి. దొరికితే తల కొట్టి కొయ్యకు గుచ్చుతారు. అప్పటికే 97 కొయ్యలు నిండాయి. ముగ్గురు అన్నదమ్ములు వస్తారు. పెద్దవాళ్ళిద్దరూ 98, 99 అవుతారు. మూడోవాడు ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువూ, రెండుసార్లు దొరికినా క్షమించాలన్న వరమూ అడుగుతాడు. చూడచక్కనివాడు కాబట్టి ఆమె ఒప్పుకుంటుంది.

వేటకు వెళ్ళినప్పుడు వాడు ఒక బొంతకాకినీ, ఒక చేపనూ, ఒక నక్కనూ చంపకుండా వదిలేసి ఉంటాడు. కాకి వాడిని తన గుడ్డులో దాస్తుంది. పదకొండో కిటికీలోంచి దొరికిపోతాడు. చేప మింగి చెరువు అడుగుకు తీసుకుపోతుంది. పన్నెండో కిటికీలోంచి దొరికిపోతాడు. చేపను పట్టి చంపితే పిల్లవాడు బయటికి వస్తాడు. కత్తి తగలలేదన్నమాట. కథలో మాత్రం.

మూడోసారి నక్క వాడిని చిన్న సముద్రపు కుందేలుగా మారుస్తుంది. రాజకుమార్తె ముచ్చటపడి దాన్ని కొనుక్కుంటుంది. ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళే వేళకు అది ఆమె జడ కిందకు దూరుతుంది. పన్నెండు కిటికీలూ వెతికినా కనిపించడు. కోపంతో కిటికీ మూస్తే అద్దాలన్నీ ముక్కలవుతాయి. పెళ్ళవుతుంది. ఎలా దాక్కున్నాడో వాడు ఎప్పటికీ చెప్పడు.

పరాకు · శనివారం, రాత్రి 11:20

కథ బ్రహ్మాండం. బొమ్మ గురించి నాకు అంత మోజు లేదని చెప్పడానికి వచ్చాను.

ఇదే గ్రిమ్ కథలకు ఇంగ్లండులోనే ఆర్థర్ రాకమ్ 1909లో రంగుల బొమ్మలు వేశారు. మెలికలు తిరిగిన చెట్లు, వేళ్ళలో దాక్కున్న ముఖాలు, పొగమంచు. అదీ కలలాంటి బొమ్మంటే. హాక్నీది చూస్తే నాకు తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పుస్తకం గుర్తొస్తోంది. కప్ప అడ్డుకోత, చేప అడ్డుకోత, భాగములు గుర్తింపుము. పేరున్న మనిషి గీశాడు కాబట్టి మనం లోతులు వెతుకుతున్నాం. పేరు లేకపోతే పిల్లల పత్రికలో నాలుగో పేజీకి సరిపోతుంది.

రాగిరేకు · ఆదివారం, ఉదయం 6:48

పరాకు గారూ, మీరు ఫోనులో చూసి మాట్లాడుతున్నారని పందెం. నేను బరోడాలో ముద్రణ నేర్చుకున్నవాణ్ణి, ఇప్పటికీ హైదరాబాదులో చిన్న ప్రెస్సు పెట్టుకుని ఎచింగులు, అంటే ఆమ్లం కొరికిన రేకు నుంచి తీసే అచ్చులు, తీస్తుంటాను. ఈ చేప బొమ్మా అలాంటిదే. చేతిపని వైపు నుంచి కొంచెం చెబుతాను.

రాగిరేకుకు మైనం పూత పూస్తారు. ఆ నల్లని పూత మీద సూదితో గీస్తే కింద రాగి మెరుస్తుంది. తరవాత ఆమ్లంలో ముంచుతారు. మైనం పోయిన చోట ఆమ్లం రాగిని కొరుకుతుంది. మైనం ఉన్న చోట ఏమీ జరగదు. మైనం కడిగేసి, గీతల్లోకి సిరా కూరి, పైన ఉన్నదంతా గుడ్డతోనూ చివరికి అరచేతితోనూ తుడిచి, తడిపిన కాగితం వేసి, ఉన్ని కంబళ్ళ మధ్య ప్రెస్సులోంచి లాగుతారు. ఎక్కువసేపు ఆమ్లంలో ఉన్న గీత లోతుగా, నల్లగా వస్తుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి. చేప కుడివైపు ఈదాలంటే రేకు మీద ఎడమవైపు ఈదాలి.

ఈ పనిలో కష్టం గీత కాదు, నలుపు. అచ్చంగా గీతలతో చీకటిని తేవాలంటే ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా అల్లుకుంటూ పోవాలి. హాక్నీ ఈ బొమ్మల్లో అదే చేశారు. అల్లిక ఒకసారి ఆమ్లానికి ఇచ్చి, రేకును శుభ్రం చేసి, మళ్ళీ మైనం పూసి, పాత అల్లిక మీద కొత్త అల్లిక గీసి మళ్ళీ ఆమ్లానికి ఇచ్చారు. దీనివల్ల ఆ నలుపుకు ఒక మందం వస్తుంది. వేలితో తడిమితే నేతబట్టలా తగులుతుంది. మసి పూసినట్టు ఉండదు. దగ్గరికి వెళితే ప్రతి గీతా వేరుగా కనిపిస్తుంది, రెండడుగులు వెనక్కి వస్తే చీకటి. ఫోను తెర మీద ఇదంతా బూడిద మరకైపోతుంది, మీకు జీవశాస్త్రం గుర్తు రావడంలో మీ తప్పేమీ లేదు.

ఇంకో మాట. ఈయన ఎచింగులోకి రావడానికి కారణం దరిద్రం. 1959లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. రంగులు కొనడానికి డబ్బులు లేవు, ముద్రణ విభాగంలో సామగ్రి ఉచితంగా ఇచ్చేవారు, అటు వెళ్ళారు. 1961లో మొదటి ఎచింగు. 1963 కల్లా పదహారు రేకుల వరుస ఒకటి పూర్తయింది. గ్రిమ్ కథలు పట్టుకునేసరికి 1969, అప్పటికి సూది పెన్సిలంత సులువైపోయింది. ఈ వరుసకు మారిస్ పేన్ అనే ముద్రణ నిపుణుడు తోడున్నారు. పీటర్స్‌బర్గ్ ప్రెస్ 1970లో ప్రచురించింది. ఆరు కథలు, 39 బొమ్మలు.

చిత్తుకాగితం · ఆదివారం, ఉదయం 9:30

ఈ చర్చ మూడు నెలల కిందట వచ్చి ఉంటే నా డబ్బులు మిగిలేవి.

నేనూ ఇదే చేప బొమ్మ కొన్నాను. చట్రంతో సహా, ఇంటర్నెట్‌లో. "అసలైన 1970 హాక్నీ" అని రాశారు. ధర అనుమానించేంత తక్కువగా ఉంది, నేను మాత్రం అదృష్టం అనుకున్నాను. వచ్చాక చూస్తే పోస్టుకార్డంత కూడా లేదు. సంతకం లేదు. పోనీలే చిన్నదేమో అని గోడకు తగిలించాను. ఒకరోజు చట్రం జారి పడి వెనక అట్ట ఊడింది. తీసి చూస్తే కాగితం వెనక వైపు ఇంగ్లీషులో కథ అచ్చయి ఉంది! పుస్తకంలోంచి చింపిన పుట.

రాగిరేకు · ఆదివారం, ఉదయం 10:02

అయ్యో. అదే ఏడాది ఈ బొమ్మలతో అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం కూడా వచ్చింది. మీకు దొరికింది దానిలోని పుటే అయి ఉంటుంది. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, నిజం సగంలో ఆపాడు. పుట 1970దే, బొమ్మ హాక్నీదే, ఎచింగు మాత్రం కాదు.

ఇకముందు ఎవరైనా కొనేముందు మూడు పనులు చేయండి. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గాడి కనిపించాలి. పదిరెట్ల భూతద్దంలో గీత మీద సిరా కొంచెం ఉబ్బెత్తుగా నిలబడి ఉండాలి, ఎందుకంటే అది గాడిలోంచి పైకి లాగిన సిరా. చుక్కలు చుక్కలుగా కనిపించినా, సిరా కాగితంతో సమంగా పడుకుని ఉన్నా యంత్రపు అచ్చు. ఇక చట్రం లోంచి తీసి వెనక వైపు చూపించనంటే అక్కడినుంచి వచ్చేయండి.

నిర్వాహకుడు · ఆదివారం, ఉదయం 10:15

ధరలు, అమ్మకాల సంగతులు "కొనుగోలు కష్టాలు" విభాగంలో కొనసాగించండి. భూతద్దం సంగతి ఇక్కడే ఉంచుతున్నాను, పనికొస్తుంది.

గ్రంథాలయం మెట్లు · ఆదివారం, మధ్యాహ్నం 12:40

లీడ్స్‌వాన గారూ, మీ అమ్మగారి ప్రశ్నకు మన దగ్గరే జవాబు ఉంది, రాత్రి తట్టలేదు. ప్రద్యుమ్నుడు!

భాగవతం దశమ స్కంధం. రుక్మిణీదేవి పురిటి బిడ్డను శంబరాసురుడు ఎత్తుకుపోయి సముద్రంలో పారేస్తాడు. చేప మింగుతుంది. ఆ చేప జాలరుల వలలో పడుతుంది. పెద్ద చేప కదా అని వాళ్ళు తీసుకువెళ్ళి ఎవరికి కానుక ఇస్తారు? శంబరుడికే. వంటవాళ్ళు కత్తితో కోస్తే లోపల పసిబిడ్డ. తీసుకువెళ్ళి శంబరుడి వంటింట్లో ఉన్న మాయావతికి ఇస్తారు. నాథ సంప్రదాయంలో మత్స్యేంద్రుడు కూడా చేప కడుపులోంచి వచ్చినవాడే.

తేడా చూడండి. మన కథలో వంటవాళ్ళకు తెలియదు. కోసేదాకా ఎవరికీ తెలియదు. బిడ్డ బయటపడటమే ఆశ్చర్యం. గ్రిమ్ కథలో అంతా తెలిసే కోస్తారు, అక్కడ ఉన్నాడని కిటికీ ముందే చెప్పేసింది.

లీడ్స్‌వాన · ఆదివారం, సాయంత్రం 4:22

ప్రద్యుమ్నుడి సంగతి అమ్మకు చదివి వినిపించాను. "అదే నేనన్నది, వంటవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మెల్లగా కోశారు" అంది. ఏ చేపనైనా ముందు పొట్ట కింద సన్నగా గాటు పెట్టి, వేలు పోనిచ్చి, తరవాతే చీల్చాలట, లేకపోతే చేదుతిత్తి పగిలి కూరంతా చేదెక్కుతుందట. ఆ లెక్కన పిల్లవాడికి ఏమీ కాదని తేల్చేసింది.

మెట్లు గారు చెప్పిన తేడా చదివాక నాకొకటి తోచింది. తప్పయితే దిద్దండి. పిల్లవాడు దాక్కున్నాడు. చెరువు అడుగున, చేప కడుపులో. ఎవరికీ కనిపించకూడదు. నాకు కనిపిస్తున్నాడు. అలా కనిపించేది కథ మొత్తంలో ఒక్క మనిషికే, పన్నెండో కిటికీలోంచి. దుకాణంలో ఆ చట్రం ముందు నిలబడినప్పుడు నేను నిలబడింది ఆ కిటికీ దగ్గరే కదా? వాడిని పట్టించింది నేనే కదా? నిన్న నిద్ర పట్టకపోవడానికి కారణం చేప కాదేమో.

పరాకు · ఆదివారం, సాయంత్రం 5:10

ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయినా హాక్నీ అంత ఆలోచించి గీశాడంటారా? చేపలో పిల్లవాడున్నాడని చూపించాలంటే ఏ చిత్రకారుడైనా చేపను పారదర్శకంగానే గీయాలి. వేరే దారి లేదు. అవసరం కొద్దీ చేసినదానికి మనం అర్థం అంటగడుతున్నాం.

నిమ్మచెట్టు · ఆదివారం, రాత్రి 8:33

దారి ఎందుకు లేదు, ఉత్త చేపను గీసి ఊరుకోవచ్చు. ఖాళీ చెరువును గీయవచ్చు. కోసిన చేపనూ బయటికి వస్తున్న పిల్లవాడినీ గీయవచ్చు, నాటకీయంగానూ ఉండేది.

ఈ కథకు హాక్నీ వేసినవి మూడే మూడు రేకులు. కోటలో రాజకుమార్తె ఒకటి, గుడ్డులో పిల్లవాడు ఒకటి, చేపలో పిల్లవాడు ఒకటి. లెక్క చూశారా? దొరికిపోయిన రెండు సార్లకూ బొమ్మ ఉంది. దొరకని మూడోసారికి లేదు. కథకు పేరే ఆ సముద్రపు కుందేలు, ఆ జంతువే ఎక్కడా లేదు! వేరే చిత్రకారుడైతే మొదట గీసేది జడలో దూరిన ఆ బుజ్జి జంతువునే. రాజకుమార్తె చూసినవి మనమూ చూస్తాం, చూడలేనిది మనకూ లేదు. కావాలనే చేశారని నేను ప్రమాణం చేయలేను. ఫలితం మాత్రం ఇలా కుదిరింది.

ఆయన కథల్ని ఎన్నుకున్న తీరు తెలిసినదే. నీతి కోసం కాదు. "ఒక రాజు గాజుకొండ కట్టించాడు" అని మొదలవుతుందనే ఓల్డ్ రింక్‌రాంక్ కథను తీసుకున్నారు, గాజుకొండను ఎలా గీస్తారో చూద్దామని. గడ్డిని బంగారంగా వడికే మరుగుజ్జు కథ రంపెల్‌స్టిల్‌ట్‌స్కిన్‌లో నలుపు తెలుపుల్లోనే గడ్డిని గడ్డిలా, బంగారాన్ని బంగారంలా చూపించే చిక్కు ఉంది. చేప కథలో చిక్కు: దాగిన మనిషిని గీయడం ఎలా?

రాగిరేకు · ఆదివారం, రాత్రి 9:15

నిమ్మచెట్టు గారూ, శభాష్. ఈ మూడు రేకుల లెక్క ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

రపుంజెల్ కథలో ఇంకో విచిత్రం ఉంది. మంత్రగత్తె ఒడిలో పసి రపుంజెల్ ఉన్న బొమ్మ చూడండి. పాతకాలపు యూరప్ చిత్రకారుడు బాష్ గీసిన మరియమ్మ, బాల ఏసు భంగిమ అది. ఈ ముసలి, కురూపి ఆడమనిషిని ఎవరూ దగ్గరికి తీసి ఉండరు, కాబట్టి ఆమె కూడా కన్యే కదా అని హాక్నీ వాదన. చదివి చాలాసేపు నవ్వాను, తరవాత బొమ్మ చూస్తే నవ్వు రాలేదు. బిడ్డను ఎత్తుకున్న ఆ చేతుల్లో ప్రేమ ఉంది.

గోడమీద పిల్లి · ఆదివారం, రాత్రి 10:40

ఇంగ్లండు సంగతులే అయితే మాట్లాడేదాన్ని కాదు, ఎచింగు అన్నారు కాబట్టి వచ్చాను. మన లక్ష్మాగౌడ్ గారు ఇదే కాలపు మనిషి. హాక్నీ 1937, ఈయన 1940. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి బరోడా వెళ్ళి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఆయన ఎచింగుల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు, మేకలు, చెట్లు ఒకదాంట్లోంచి ఒకటి మొలుచుకొస్తుంటాయి. మేక ఎక్కడ ఆగిందో మనిషి ఎక్కడ మొదలయ్యాడో చెప్పలేం.

పరాకు గారు అడిగిన కల అక్కడ ఉంది చూడండి. పొగమంచు లేదు, తెలంగాణ ఎండలో నల్లటి గీత. హాక్నీ దగ్గర మాత్రం పిల్లవాడు పిల్లవాడే, చేప చేపే. కలిసిపోవు. చేప వాడిని అరువుకు తెచ్చుకున్న సంచిలా మోస్తోంది. నాకు లక్ష్మాగౌడ్ గారే ఇష్టం, పక్షపాతమే అనుకోండి.

పరాకు · సోమవారం, ఉదయం 7:55

రాత్రి కూర్చుని 39 బొమ్మలూ వరుసగా చూశాను, పెద్ద తెర మీద. నా మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. రంపెల్‌స్టిల్‌ట్‌స్కిన్ తనను తాను రెండుగా చీల్చుకునే బొమ్మ దగ్గర టీ చల్లారిపోయింది. నెత్తురు లేదు, అరుపు లేదు. గుడ్డ చింపుకున్నట్టు చింపుకుంటాడు. రాకమ్ గీసి ఉంటే దాని చుట్టూ పొగ, నిప్పురవ్వలు ఉండేవి, మనకు భయపడమని ముందే చెప్పేవాడు. ఈయన ఏమీ చెప్పడు.

మిగతా సగం నా దగ్గరే ఉంది. చేప మొహం ఇప్పటికీ నాకు జీవశాస్త్రమే.

ఒక సందేహం. అన్నిటికంటే ముందు ఒక ముసలావిడ బొమ్మ ఉంది. ఏ కథలో పాత్ర?

గ్రంథాలయం మెట్లు · సోమవారం, ఉదయం 8:30

పాత్ర కాదు, కథలు చెప్పినావిడ. కాటరీనా డొరొతేయా ఫీమాన్. జర్మనీలో కాసెల్ దగ్గర పల్లెటూరు, భర్త దర్జీ. తోటలో పండినవి పట్నం తెచ్చి అమ్ముకునేది. గ్రిమ్ సోదరులకు దాదాపు 40 కథలు చెప్పింది. తమాషా ఏమిటంటే ఈ చేప కథ ఆమెది కాదు. ఆమె 1815లో పోయింది. సముద్రపు కుందేలు ట్రాన్సిల్వేనియాలోని జర్మన్ల నుంచి వచ్చి, 1857 ముద్రణలో గాని సంకలనంలో చేరలేదు. అయినా హాక్నీ పుస్తకం గుమ్మంలో ఆమెనే కూర్చోబెట్టారు, దాని వెనకే ఈ కథ.

లీడ్స్‌వాన · సోమవారం, సాయంత్రం 6:50

ఇవాళ అమ్మతో మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను. కొనడానికి కాదు, రాగిరేకు గారి భూతద్దం పరీక్షకు. దుకాణం ఆవిడ నవ్వుతూ బొమ్మను గోడ మీంచి దించి, కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. రేకు అంచు గాడి ఉంది. పదిరెట్ల అద్దంలో నీళ్ళు తాళ్ళలా కనిపించాయి, ఒక్కో తాడు మీదా సిరా గట్టు కట్టి ఉంది.

అద్దం అమ్మ చేతికి ఇచ్చాను. తోక దగ్గర మొదలుపెట్టి మెల్లగా పిల్లవాడి మీదకు వచ్చింది. చాలాసేపు చూసింది. "మొప్పలు బాగా గీశాడు" అంటుందనుకున్నాను.

"ఒళ్ళు తడవలేదు వీడికి" అంది.

నిజమే. గీతలన్నీ చేప దగ్గరే ఆగిపోయాయి. పిల్లవాడి ఒంటి మీద ఉన్నది ఉత్త కాగితం.

రాగిరేకు · సోమవారం, రాత్రి 7:31

అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. అక్కడ మైనం తీయలేదు.